ఫోర్టెన్ గారి మనవరాలు

ప్రియమైన మాధవా,

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగినదానికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పేయవచ్చు గానీ, అలా చెబితే నీకు తృప్తి ఉండదు, నాకు అసలే ఉండదు. అందుకే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. "అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో నల్లవాళ్లంటే అందరూ బానిసలే కదా, మరి నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ షార్లట్ ఫోర్టెన్ ఫ్రెంచి, లాటిన్ ఎలా చదివింది? అంత కలిగిన ఇంటి పిల్లే అయితే ఆమెకు వచ్చిన కష్టం ఏమిటి?" అని కదా నువ్వు రాసింది. మొదటి ప్రశ్నకు ఒక లెక్క చాలు. 1860 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 39 లక్షల 50 వేల మంది ఉంటే, బానిసలు కాని నల్లవారు దాదాపు 4 లక్షల 88 వేల మంది ఉన్నారు. వీరందరూ బానిసత్వం లేని ఉత్తరాదివారే అనుకునేవు, సగానికి పైగా దక్షిణాదిలోనే ఉండేవారు. రెండో ప్రశ్న మాత్రం అంత తేలికగా వదిలేది కాదు.

షార్లట్ 1837 ఆగస్టు 17న ఫిలడెల్ఫియాలో పుట్టింది. తండ్రి వైపు చూస్తే స్వేచ్ఛలో పుట్టిన నాలుగో తరం ఆమెది. ఆ ఇంటికి పేరు తెచ్చినవాడు తాత జేమ్స్ ఫోర్టెన్. ఆయన కథ నీకు తప్పకుండా నచ్చుతుంది కాబట్టి కాస్త విడమరిచే చెబుతాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, పద్నాలుగేళ్ల వయసులో, రాయల్ లూయిస్ అనే ఓడలో ఫిరంగులకు మందు అందించే కుర్రాడిగా చేరాడు. ఆ ఓడ బ్రిటిష్ వారికి చిక్కింది. పట్టుకున్న ఓడ కెప్టెన్ కొడుకుతో ఈ కుర్రాడికి గోలీలాటలో స్నేహం కుదిరింది. ఆ స్నేహం చూసి ముచ్చటపడిన కెప్టెన్, తనతో ఇంగ్లండు వస్తే చదివిస్తానన్నాడు. తన దేశానికి ద్రోహం చేయనని ఆ పిల్లవాడు చెప్పి, బ్రూక్లిన్ తీరంలో లంగరు వేసి ఉన్న జెర్సీ అనే జైలు ఓడకు వెళ్లాడు. అందులో ఖైదీలు రోగాలతో కుప్పలుగా చచ్చిపోయేవారు. బ్రతికి బయటపడి, రాబర్ట్ బ్రిడ్జెస్ అనే తెల్లాయన తెరచాపల కార్ఖానాలో పని నేర్చుకుని, 1798లో ఆ కార్ఖానానే కొనుక్కున్నాడు. నల్లవారినీ తెల్లవారినీ ఒకే కప్పు కింద పనిలో పెట్టుకుని, ఆ నగరంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. పని నేర్పిన యజమాని మీద గౌరవంతో ఒక కొడుక్కి రాబర్ట్ బ్రిడ్జెస్ ఫోర్టెన్ అని పేరు పెట్టాడు. ఆ రాబర్టే మన షార్లట్ తండ్రి.

స్వేచ్ఛ పొందిన నల్లవారిని ఆఫ్రికాకు పంపించేయాలని కొందరు పెద్దమనుషులు ఒక సంఘం పెట్టినప్పుడు, 1817 జనవరిలో ఫిలడెల్ఫియాలోని బెతెల్ చర్చిలో దాదాపు 3 వేల మంది నల్లవారు సమావేశమయ్యారు. దానికి అధ్యక్షత వహించినవాడు జేమ్స్ ఫోర్టెనే. వెళ్తామని ఒక్క గొంతు కూడా లేవలేదు. తమ పూర్వీకుల చెమటతో తడిసిన నేల తమదేనని తీర్మానించారు. 1831లో విలియం లాయిడ్ గ్యారిసన్ బానిసత్వ వ్యతిరేక పత్రిక ప్రారంభించినప్పుడు మొదటి సొమ్ము పంపినవారిలో ఈయన ఉన్నాడు. 1833లో ఫిలడెల్ఫియా మహిళలు బానిసత్వ వ్యతిరేక సంఘం స్థాపించినప్పుడు ఆయన భార్య, ముగ్గురు కూతుళ్లు అందులో చేరారు. ఇంట్లో ఇంతమంది ఇన్ని చేసిపెట్టి ఉంటే, ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు మిగిలేది ఏమిటో ఆలోచించు. వీధిలోకి వెళితే ఆమె నల్లపిల్ల, ఇంట్లోకి వస్తే ఫోర్టెన్ గారి మనవరాలు. ఆమె ఎవరో నిర్ణయించే పని ఆమెకు ముందే ఇతరులు పూర్తి చేసేశారు.

పైగా ఆ స్వేచ్ఛ కూడా ఎటువంటిదో చూడు. ఆమెకు ఏడాది వయసు వచ్చేలోపే ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుని, ఓటు హక్కు తెల్లవారికే పరిమితం చేసింది. అదే ఏడాది మే నెలలో, బానిసత్వ వ్యతిరేకులు కట్టుకున్న కొత్త సభాభవనాన్ని, తలుపులు తెరిచిన నాలుగో రోజే అల్లరిమూక తగలబెట్టింది. అమ్మాయి పెరిగే వేళకు నగరంలో నల్లపిల్లల బడులు వేరుగా, నాసిరకంగా ఉండేవి. ఆ బడికి పంపడానికి తండ్రికి మనసొప్పక ఇంట్లోనే చెప్పించాడు. తొమ్మిది అడుగుల దూరదర్శిని స్వయంగా తయారు చేసి ప్రదర్శనలో పెట్టిన మనిషి, తన కూతురికి సరైన బడి మాత్రం ఆ ఊళ్లో సంపాదించలేకపోయాడు. తల్లి, ఈమెకు మూడేళ్లు నిండీ నిండకముందే, 1840లో పోయింది. షార్లట్ రాసుకున్న డైరీ పొడుగునా ఆ లోటు కనిపిస్తూనే ఉంటుంది.

1853లో, పదహారేళ్ల వయసులో, తండ్రి ఆమెను మసాచుసెట్స్‌లోని సేలం పంపాడు. నువ్వు అడగకముందే చెబుతున్నాను, ఇది మన పొరుగున తమిళనాడులో ఉన్న సేలం కాదు. మసాచుసెట్స్ సేలం బడుల్లో నల్లపిల్లలను విడిగా కూర్చోబెట్టే పద్ధతి 1844లోనే పోయింది. చార్ల్స్ లెనాక్స్ రిమండ్ అనే నల్లజాతి వక్త ఇంట్లో ఉండి చదువుకుంది. దాదాపు 200 మంది ఉన్న ఆ బడిలో నల్లపిల్ల ఆమె ఒక్కతే.

డైరీ మొదలైంది ఇక్కడే, 1854 మే 24న. యాదృచ్ఛికమే గానీ, సరిగ్గా ఆ సాయంత్రమే బోస్టన్‌లో ఆంథనీ బర్న్స్ అనే యువకుణ్ణి అరెస్టు చేశారు. అతడు వర్జీనియా నుంచి పారిపోయి వచ్చినవాడు. పారిపోయిన బానిసలను ఉత్తరాదివారు కూడా పట్టి అప్పగించాలని 1850లో చేసిన చట్టం కింద అతణ్ణి విచారించి, జూన్ 2న సైనికుల కాపలా మధ్య వీధుల్లో నడిపించి ఓడ ఎక్కించారు. అమ్మాయిలు వానా ఎండా, పూలూ పుస్తకాలూ రాసుకునే మొదటి పుటల్లోనే ఈమె ఈ వార్తను రాసుకోవలసి వచ్చింది. తను పారిపోయి వచ్చిన మనిషి కాదు, ఏ యజమానీ తనను వెతుక్కుంటూ రాడు. అయినా, నా దృష్టిలో, ఆ పుటల్లో ఆమె రాస్తున్నది బర్న్స్ గురించి మాత్రమే కాదు. తన కాళ్ల కింద ఉన్న నేల ఎంత గట్టిదో పరీక్షించుకుంటున్నది.

ఇక నీ రెండో ప్రశ్నకు సూటిగా వస్తాను. 1855 సెప్టెంబరులో ఆమె రాసిన ఒక పుట ఉంది. తరగతి గదిలో ఎంతో ఆప్యాయంగా మాట్లాడే తోటి అమ్మాయిలు, మర్నాడు వీధిలో ఎదురైతే గుర్తుపట్టనట్టు నటిస్తారనీ, మరికొందరు గుర్తుపట్టినా అంటీముట్టనట్టు తల పంకించి తప్పుకుంటారనీ రాసింది. ఇవి చిన్న విషయాలేనని ఇతరులు అనవచ్చుననీ, భరించేవారికి మాత్రం అవి చిన్నవి కావనీ కూడా ఆమే అన్నది. నల్లవారిలో ప్రతి ఒక్కరూ మానవద్వేషిగా ఎందుకు మారిపోలేదో తనకు ఆశ్చర్యంగా ఉందని ఆ పుటలోనే రాసింది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఆ మాట రాసుకోవడం నన్ను చాలాసేపు పట్టి ఉంచింది. 1857 వేసవిలో ఫిలడెల్ఫియా వెళ్లినప్పుడు, స్నేహితురాలితో కలిసి ఐస్‌క్రీం తినబోతే ఒక దుకాణంలో కాదన్నారు, మరో దుకాణంలోనూ కాదన్నారు. తాత జైలు ఓడకు వెళ్లింది ఈ దేశం కోసమే. అదే సంవత్సరం మార్చిలో, నల్లవారు స్వేచ్ఛగా ఉన్నా సరే ఈ దేశ పౌరులు కాలేరని సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ తీర్పులో చెప్పింది. బెతెల్ చర్చిలో తాత అధ్యక్షతన "ఈ నేల మాది" అని చేసిన తీర్మానానికి నలభై ఏళ్ల తరువాత వచ్చిన సమాధానం అది.

అప్పటికి ఆమె సేలం నార్మల్ స్కూల్లో ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసింది. 1856లో అక్కడ పట్టా తీసుకున్న మొదటి నల్లజాతి విద్యార్థిని ఆమే. వెంటనే ఎప్స్ గ్రామర్ స్కూల్లో తెల్లపిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం దొరికింది. కూతురు తెల్లవారికి పంతులమ్మ అయిందంటే మన ఇళ్లలోనైతే ఊరంతా చెప్పుకునేవాళ్లం. ఆమె డైరీలో ఆ గర్వం దాదాపు కనిపించదు. 1858 జూన్‌లో తనను తాను పరీక్షించుకుని, తనకు అందం లేదు, చమత్కారం లేదు, ప్రతిభ లేదు, చివరికి తెలివి కూడా లేదని ఒక పట్టికలా రాసుకుంది. నువ్వు దీన్ని వయసు తెచ్చే దిగులు అంటావేమో. నేను అలా అనుకోవడం లేదు. ఆమె చదివిన ప్రతి పుస్తకం, నేర్చిన ప్రతి భాష, నల్లవారికి బుద్ధి తక్కువ అనేవారికి చూపించవలసిన సాక్ష్యం అయిపోయింది. ఇంట్లో పెద్దలూ, వచ్చిపోయే ఉద్యమకారులూ ప్రేమతోనే ఆ బరువు ఆమె నెత్తిన పెట్టారు. నిత్యం సాక్ష్యంగా నిలబడవలసిన మనిషికి, తనకు ఏది ఇష్టమో, తను ఎందుకు పనికివస్తుందో విడిగా తెలుసుకునే తీరిక ఎక్కడ ఉంటుంది?

తండ్రితో సంబంధం కూడా చెప్పాలి. రాబర్ట్ ఫోర్టెన్‌కు ఈ దేశం మీద నమ్మకం పోయింది. 1850ల మధ్యలో కుటుంబంతో కెనడా వెళ్లిపోయాడు, తరువాత ఇంగ్లండు చేరాడు. ఆయనను తప్పుపట్టలేం. షార్లట్ ఆశ్రయం పొందిన ఇంటి ఆడపడుచు సారా పార్కర్ రిమండ్ కూడా అలాగే వెళ్లిపోయింది. 1853లో బోస్టన్‌లోని ఒక నాటకశాలలో, తను టికెట్టు కొన్న చోటు కాక వేరే చోట కూర్చోనన్నందుకు ఆమెను బయటికి నెట్టారు. ఆమె కోర్టుకెక్కి 500 డాలర్లు రాబట్టింది. 1859లో సముద్రం దాటి బ్రిటన్‌లో ఉపన్యాసాలిచ్చి, ఆ తరువాత ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో వైద్యం చదివి అక్కడే స్థిరపడింది. ఆ దారి షార్లట్ కళ్ల ముందే ఉంది. అయినా ఆమె ఆ దారి పట్టలేదు. తండ్రి ప్రేమ కోసం ఆమె ఎంత తపించిందో డైరీ చెబుతుంది, తండ్రి వెళ్లిన చోటికి మాత్రం వెళ్లలేదు. మన భాషలో చెప్పాలంటే మాట విననిది కాదు, విని కూడా తన నిర్ణయం తను తీసుకున్నది.

ఆ నిర్ణయం 1862లో రూపు కట్టింది. అంతకు ముందు ఏడాది ఉత్తరాదికీ దక్షిణాదికీ అంతర్యుద్ధం మొదలైంది. ఆ నవంబరులో, ఉత్తరాది నౌకాదళం దక్షిణ కరోలినా తీరంలోని పోర్ట్ రాయల్‌ను పట్టుకోగానే, అక్కడి దీవుల్లో ఉన్న ప్రత్తి తోటల యజమానులు ఇళ్లూ పొలాలూ వదిలి పారిపోయారు. దాదాపు 10 వేల మంది బానిసలు మిగిలిపోయారు. చట్టప్రకారం వారు స్వతంత్రులో కాదో ఎవరూ తేల్చి చెప్పలేని స్థితి. వారికి చదువు చెప్పడానికి ఉత్తరాది నుంచి పంతుళ్లు బయలుదేరారు. కవి విటియర్ ప్రోత్సాహంతో షార్లట్ దరఖాస్తు పెట్టింది. బోస్టన్ సంఘంలో పని జరగలేదు, ఫిలడెల్ఫియా సంఘం పంపింది. అక్టోబరు చివర సెయింట్ హెలీనా దీవిలో దిగింది. నెపోలియన్‌ను ఉంచిన సెయింట్ హెలీనా వేరు, అయోమయపడకు. లారా టౌన్, ఎలెన్ మరే అనే ఇద్దరు తెల్ల ఉపాధ్యాయినులు నడుపుతున్న బడిలో చేరింది. బానిసల చేత కట్టించిన ఇటుకల చర్చిలోనే ఆ బడి.

నా లెక్కలో ఆమె జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే, మాధవా. ఇంతకాలం తెల్లవారి మధ్య ఒక్కతే నల్లపిల్లగా బ్రతికిన మనిషి, ఇప్పుడు వేలమంది నల్లవారి మధ్యకు వచ్చింది. వారు ఆమెను చేతులు చాచి పిలిచి ఉంటారని నువ్వూ నేనూ అనుకుంటాం. అలా జరగలేదు. ఆ చామనఛాయ పిల్ల ఎవరు, ఎందుకు వచ్చిందని తోటలోని ఆడవాళ్లు గుచ్చిగుచ్చి అడిగారనీ, ఆమె గది ఊడ్చి సర్దడానికి ఒక పెద్దామెను బతిమాలుకోవలసి వచ్చిందనీ లారా టౌన్ రాసి పెట్టింది. తమలాంటి రంగున్న మనిషి తెల్లదొరసానిలా వచ్చి బల్ల ముందు కూర్చోవడం వారు అంతకు ముందు చూడలేదు. ఇటు షార్లట్‌కూ వారు కొత్తవారే. వారు మాట్లాడే గల్లా భాష ఆమెకు వెంటనే అర్థం కాలేదు. వారు రాత్రివేళ వలయంగా తిరుగుతూ, చప్పట్లు కొడుతూ, పాదాలు తాటిస్తూ చేసే ప్రార్థనను చూసి, ఇది ఆఫ్రికా నుంచి వచ్చిన అనాగరికపు అవశేషమనీ, క్రైస్తవ బోధ అందితే పోతుందనీ భావించింది. ఇక్కడ ఆమెతో నాకు పేచీ ఉంది. ఆ ప్రార్థన వారికి యజమానులెవరూ ఇచ్చింది కాదు, ఎవరూ లాక్కోలేకపోయింది కూడా. సేలంలో నేర్చిన కళ్లతో చూసినందువల్ల ఆమెకు అది కనబడలేదు. అయినా ఆ పాటలు మాత్రం ఆమెను వదలలేదు. పడవ నడిపేవారి పాటలను శ్రద్ధగా విని పదాలు రాసి పెట్టుకుంది. తీర్పు ఒకవైపు లాగుతున్నా చెవి మరోవైపు లాగింది.

రెంటికీ చెడ్డ రేవడి అని నువ్వు ఠక్కున అనేస్తావని తెలుసు. అలా అనడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే ఆ పిల్లలకు ఆమె ఏం చెప్పిందో చూడు. అక్షరాలతో పాటు, హైతీలో బానిసలను నడిపించి ఫ్రెంచివారిని ఎదిరించిన తూసాన్ లూవెర్త్యూర్ కథ చెప్పింది. తమ జాతివాడు ఒకడు తమ జాతి కోసం ఏం చేయగలిగాడో వారికి తెలియాలన్నది ఆమె ఉద్దేశం. ఆ కథ చెప్పాలన్న ఆలోచన ఆమెకు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? ఇంతకాలం బరువుగా మోసిన ఫోర్టెన్ వారి ఇల్లు, ఆ బడిలో మొదటిసారిగా ఆమెకు పనికివచ్చింది. 1863 జనవరి 1న, సైనిక శిబిరంలో ఓక్ చెట్ల కింద బానిసలకు విముక్తినిస్తూ అధ్యక్షుడు లింకన్ చేసిన ప్రకటనను చదివి వినిపించినప్పుడు ఆమె అక్కడే ఉంది. జెండా అందజేస్తుండగా, కార్యక్రమంలో లేకపోయినా, అప్పుడే స్వతంత్రులైన మనుషులు తమంతట తామే దేశభక్తి గీతం ఎత్తుకున్నారు. ఆ రోజు గురించి ఆమె రాసిన పుటలు చదివితే, అంతకు ముందు డైరీలో తనను తాను తిట్టుకున్న పిల్ల ఈమేనా అనిపిస్తుంది.

అదే నెల చివర, పక్కనే ఉన్న బ్యూఫర్ట్ ఊళ్లో, తను బానిసత్వం నుంచి పారిపోయి, మరెందరినో రహస్యంగా దాటించిన హ్యారియట్ టబ్‌మన్‌ను కలిసింది. టబ్‌మన్ అప్పుడు అక్కడ చిన్న భోజనశాల నడుపుతూ ఉండేది. తను దాటించిన జో అనే మనిషి కథ షార్లట్‌కు చెప్పింది. పట్టుబడతానన్న భయంతో ఆ జో నయాగరా జలపాతం పక్కన వెళుతున్నా తలెత్తి చూడలేదట, వంతెన దాటి కెనడాలో అడుగుపెట్టిన తరువాతే నోరు విప్పి దేవుణ్ణి కీర్తిస్తూ పాడాడట. నల్లజాతి స్త్రీలే అయిన ఆ ఇద్దరూ, ఒకరు బానిసగా పుట్టి అక్షరం రానివారు, మరొకరు నాలుగు తరాల స్వేచ్ఛలో పుట్టి కవిత్వం చదివినవారు, ఒక భోజనశాలలో కూర్చుని మాట్లాడుకున్నారు. డైరీలో షార్లట్ ఆమెను అద్భుతమైన స్త్రీగా చూసి గౌరవంతో రాసింది. ఆ ప్రార్థనను చూసినప్పటి చిన్నచూపు ఇక్కడ లేదు.

ఆ జులైలో 54వ మసాచుసెట్స్ నల్లజాతి దళం ఆ దీవిలో కొన్నాళ్లు విడిది చేసింది. దాని అధిపతి కర్నల్ రాబర్ట్ గూల్డ్ షాతో ఆమె పరిచయం కొద్ది రోజులదే. జులై 18న ఫోర్ట్ వాగ్నర్ ముట్టడిలో ఆయన చనిపోగా, గాయపడి వచ్చిన సైనికులకు ఆమె ఆసుపత్రిలో సేవ చేసింది, చిరిగిన కోట్లు కుట్టిపెట్టింది. మరుసటి ఏడాది జరిగినది ఇంకా విచిత్రం. ఈ దేశంతో నాకేం పని అని ఇంగ్లండు వెళ్లిపోయిన తండ్రి, యాభై ఏళ్ల వయసులో తిరిగి వచ్చి 43వ నల్లజాతి దళంలో చేరాడు. యుద్ధరంగానికి వెళ్లకుండానే, 1864 ఏప్రిల్‌లో జబ్బుచేసి పోయాడు. కూతురు వద్దన్న దారిని తండ్రి కూడా చివరకు వదిలి వెనక్కి వచ్చాడు. ఆ మేలోనే షార్లట్ దీవి విడిచి ఉత్తరాదికి వెళ్లిపోయింది. ఆ రెండు నెలల్లోనే, మే, జూన్ సంచికల్లో, దీవుల జీవితం గురించి ఆమె రాసిన వ్యాసం బోస్టన్‌లోని పేరున్న మాసపత్రికలో అచ్చయింది. అక్కడ ఆమె పేరు ముందు తాతా లేడు, తండ్రీ లేడు.

తరువాతి యాభై ఏళ్లు త్వరగా చెప్పేస్తాను. బోస్టన్‌లో, చార్ల్స్‌టన్‌లో, వాషింగ్టన్‌లో పనిచేసింది, ఖజానా శాఖలో కొన్నేళ్లు గుమాస్తాగా ఉంది. 1878లో, నలభై ఒకటో ఏట, తనకంటే పదమూడేళ్లు చిన్నవాడైన ఫ్రాన్సిస్ గ్రిమ్కే అనే చర్చి బోధకుణ్ణి పెళ్లి చేసుకుంది. ఆయన బానిస తల్లికీ, తోట యజమానికీ పుట్టినవాడు. బానిసత్వ వ్యతిరేకులుగా పేరుపొందిన గ్రిమ్కే అక్కచెల్లెళ్లకు ఆయన సొంత అన్నదమ్ముడి కొడుకు. 1880లో వారికి పుట్టిన కూతురు థియొడోరా కార్నీలియా కొద్ది నెలలకే పోయింది. ఆ తరువాతి డైరీలో రాతలు పలుచబడతాయి. దీన్ని పెళ్లి ఆమెను మింగేసిందని చదివేవారున్నారు, నేను ఒప్పుకోను. ఎప్పుడూ జబ్బుతో తీసుకుంటూనే ఆమె వాషింగ్టన్‌లోని ఆ ఇంటిని చదువుకున్న నల్లవారు కూర్చుని వాదించుకునే చోటు చేసింది, 1896లో ఏర్పడిన నల్లజాతి మహిళల జాతీయ సంఘంలో చేరింది. బావగారి కూతురు ఏంజెలీనా వెల్డ్ గ్రిమ్కేకు తల్లి దగ్గర లేదు, తండ్రి విదేశంలో దౌత్య ఉద్యోగంలో ఉన్నాడు. 1894 నుంచి నాలుగేళ్లు ఆ పిల్లను తన దగ్గరే పెట్టుకుని పెంచింది. ఆ పిల్ల పెద్దదై కవయిత్రి అయింది, 1914లో షార్లట్ పోయాక ఆమె మీద కవిత రాసింది.

ఆ అయిదు డైరీలూ ఇప్పుడు వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అచ్చయిన ప్రతి నా దగ్గర ఉంది, శ్రావణం లోపు పోస్టులో వేస్తాను. వరుసగా మొదటి నుంచి చదవకు, సేలం పుటల్లోనే విసిగి మూసేస్తావు. 1862 అక్టోబరు చివర ఓడ ప్రయాణంతో మొదలుపెట్టి, దీవి నుంచి వెళ్లిపోయేదాకా చదివి, అప్పుడు 1854కు వెనక్కి వెళ్లు. ఆ రాత్రి ప్రార్థన విషయంలో నేను ఆమెపట్ల మరీ కఠినంగా ఉన్నానో లేదో చదివాక రాయి. మీ అమ్మాయి కూడా చదువుతానంటే ముందు తనకే ఇవ్వు, నువ్వు ఎలాగూ నెల రోజులు బల్ల మీద పెట్టుకుని కూర్చుంటావు.

ఇంట్లో అందరికీ నా నమస్కారాలు.

నీ
రఘు